తడిగుడ్డకు కరిగిన మా ఊరు

కృష్ణమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు. నా సంగతి తెలిసిన వనపర్తి జనం నవ్వుతారు, నవ్వనివ్వండి.

మా నాయన బతుకుతెరువుకు దుకాణాల బోర్డులు రాసేవాడు. ఆదివారాలు మాత్రం నీటిరంగులతో గుట్టలు, చెట్లు, ఏరు వేసేవాడు. ఆయన వేసిన గడ్డిని ఒకసారి మా మేక మేసింది. కాగితం వదిలేసి పచ్చదనం వరకే తిన్నది. ప్రాజెక్టు నీళ్లలో మా ఊరు మునగకముందు వేసిన బొమ్మ ఒక్కటి మాత్రం మిగిలింది. అందులో మా ఇల్లు, గడప, వెనక కృష్ణ.

ఇప్పుడు నాయనకు మతిమరుపు జబ్బు. నన్ను గుర్తుపట్టడు, అమ్మనూ గుర్తుపట్టడు. కాని పొద్దున్నే ఆ బొమ్మ ముందు కూర్చోబెడితే కాసేపటికి లోపల ఏదో దారి దొరికేది. అమ్మ వైపు తిరిగి, "చాయ్ పెట్టినవా?" అని అడిగేవాడు. ఆ ఒక్క మాట కోసమే అమ్మ లేచేది.

బొమ్మ మీది అద్దం ఎప్పుడో పగిలింది. మొన్నొక శుక్రవారం అమ్మ దేవుడి పటాలు తుడుస్తూ అదే తడిగుడ్డతో దాన్నీ తుడిచింది. ఇల్లు కారి ఏట్లో కలిసిపోయింది.

ఆ తర్వాత నాయన గోడను చూస్తూ కూర్చునేవాడు. చాయ్ అడగలేదు. "నా చేతులతోనే ముంచితి గద బిడ్డా," అన్నది అమ్మ. ఆరితే రంగులు మళ్లీ పైకి తేలుతాయని చెప్పాను. నా అబద్ధాలు ఎన్నడూ నమ్మని మనిషి, ఆ రోజు నమ్మి బొమ్మను ఎండలో పెట్టింది. అది చూడలేకపోయాను.

పాత కుంచెలు, రంగులు వెతికి, ఇద్దరినీ బస్సులో కొల్లాపూర్, అక్కడి నుంచి ఆటోలో సోమశిల తీసుకుపోయాను. మా ఊరు మునిగిన కృష్ణ ఒడ్డున కాగితం పరిచి నాయన చేతికి కుంచె ఇచ్చాను. రంగులో ముంచాడు. ఇల్లు లేచింది, గడప లేచింది. గడపలో ఆకుపచ్చ చీర కట్టిన మనిషిని నిలబెట్టి, అమ్మను చూసి, "ఇది నువ్వే," అన్నాడు.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. కుంచె ఇచ్చిన దాకానే నిజం. ఇల్లు, గడప, చీర, ఆ మాట నేను కల్పించినవి. నాయన రంగుల జోలికే పోలేదు. కుంచె నీళ్లలో ముంచి ఉత్త కాగితం తడిపాడు, ఎండకు ఆరితే మళ్లీ తడిపాడు. అమ్మ ఎదురుగా పోయి నిలబడి, నేను యాదికున్ననా అని అడిగింది. ఆయన తలెత్తి మర్యాదగానే అన్నాడు:

"ఎవరమ్మ నువ్వు? జర పక్కకు జరుగు, ఏరు కనబడ్తలేదు."

అమ్మ జరిగింది. గాలికి కొంగు లేచి అడ్డం పడకుండా చేత్తో పట్టుకుని, అక్కడే నిలబడింది.