ఖులైఫ్ బండికి కొత్త స్పీకర్లు

కరక్ కోట కింద మెకానిక్ షెడ్ల వరసలో నా కొట్టుంది. బండ్లకు స్టీరియోలు, స్పీకర్లు బిగిస్తుంటాను. ఈ ఫవాజ్ నోరు మంచిది కాదని ఊళ్లో నన్నంటారు, అననీ. చేజేతులా బండి పాడుచేసుకుని వచ్చేవాళ్లతో తియ్యగా మాట్లాడటం నా వల్ల కాదు. ఖులైఫ్‌ను కూడా తిట్టని రోజు లేదు. అయినా పొద్దున కొట్టు తెరిచి నేను ఎదురుచూసే మనిషి ఎవరయ్యా అంటే అతనొక్కడే.

ఖులైఫ్ పని గొర్రెల మేత తోలడం. బార్లీ, తవుడు బస్తాలు పికప్‌లో వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. పొడుగు మనిషి, కొంచెం వంగిన నడుము, మీసాల నిండా తవుడు దుమ్ము. పాటంటే ప్రాణం. గొంతు మాత్రం దేవుడివ్వలేదు. నువ్వు పాడితే గొర్రెలు మేత మానేస్తాయిరా అని ఏడిపిస్తే, అందుకేగా బండిచేత పాడించుకునేది అనేవాడు. ఊళ్లో ఎవరి పెళ్లయినా పెళ్లికూతుర్ని తెచ్చే ఊరేగింపులో ముందు నడిచేది అతని పికప్పే. పిలిచినా పిలవకపోయినా బండి కడిగి, అద్దాలకు రిబ్బన్లు కట్టుకుని దిగిపోయేవాడు.

అతన్ని పెంచింది అన్న సువైలిం. తండ్రి చిన్నప్పుడే పోతే సువైలిం బడి మానేసి, రాళ్ల క్వారీలో చేరి తమ్ముణ్ణి పెద్దచేశాడు. బండి నేర్పాడు, పెళ్లి చేశాడు. ఒకే సందులో ఎదురెదురు ఇళ్లు. ఖులైఫ్ చొక్కా కొనుక్కున్నా ముందు అన్నకు చూపించి తొడుక్కునేవాడు.

ఆ సువైలిం పెద్దకొడుకు హజ్జా, చలికాలంలో ఘోర్ లోయకు దిగే రోడ్డు మలుపులో బండి బోల్తాపడి చనిపోయాడు. బంగారంలాంటి పిల్లాడు. మా దగ్గర తండ్రిని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తాం కదా, వాడు మట్టిలో కలిశాక కూడా ఊరంతా సువైలింను అబూ హజ్జా అనే అంటోంది, హజ్జా నాన్నా అని. ఏం చెయ్యను, నేనూ అలాగే పిలుస్తాను. పిలిచిన ప్రతిసారీ ఆయన చూపు ఎక్కడికో పోయి వస్తుంది.

అప్పట్నుంచీ ఖులైఫ్ సందు మొదట్లోనే స్టీరియో కట్టేసేవాడు. ఇంటి ముందు డోర్ కూడా గట్టిగా వెయ్యకుండా మెల్లిగా నొక్కి మూసేవాడు.

ఎండలు ముదిరాక ఖులైఫ్ కొడుకు రకాన్ పెళ్లి ముందుకొచ్చింది. హజ్జా పోకముందే మాటైపోయిన సంబంధం, పిల్ల తరఫువాళ్లు ఇక ఆగలేమన్నారు. ఇంట్లో చావు జరిగి ఏడాది తిరగకపోతే పెళ్లిలో పాట ఉండదు. నలుగురికీ అన్నం పెట్టి పిల్లను తెచ్చుకోవడమే. పాట కావాలంటే పెద్దల్ని వెంటబెట్టుకుని ముందు ఆ చావు జరిగిన గడప తొక్కాలి. వాళ్లు కానివ్వమంటేనే డప్పు మీద చెయ్యి పడుతుంది. ఇది మా పసిపిల్లలక్కూడా తెలుసు.

ఖులైఫ్ మాత్రం ముందు నా కొట్టుకొచ్చాడు.

బండితో వచ్చిన కాగితపు స్పీకర్లు ఎప్పుడో చివికిపోయాయి. పాట కాస్త పెంచితే డబ్బాలో ఈగ పడ్డట్టు గుయ్యిమనేవి. డోర్ అట్ట ఊడదీస్తే గుప్పెళ్లకొద్దీ తవుడు రాలింది. ఇది బండా, గాదెనా అని తిట్టాను. కొత్త స్పీకర్ల వెనక అయస్కాంతం లావుగా ఉంది, అద్దం దించితే తగులుతోంది. చెక్కతో రింగు కోసి మధ్యలో పెట్టి ముందుకు జరిపాను. లోపలి రేకు అదరకుండా నల్ల షీట్లు అంటించాను. పని చేస్తూనే అన్ననడిగావా అన్నాను. శుక్రవారం పెద్దలతో వెళ్తానన్నాడు. ముందు అడిగి తర్వాత బిగించుకోవాలిరా మొద్దూ అని కోప్పడ్డాను. "ఫవాజ్, అన్న నన్ను పెంచినోడు, నా కొడుకు పెళ్లికి కాదంటాడా?" అని నవ్వేశాడు.

అన్నీ బిగించి పాట పెట్టాను. ఖులైఫ్ డోర్ మీద అరచెయ్యి ఆనించి అలా ఉండిపోయాడు. ఇన్నేళ్లూ సగం పాటే విన్నానన్నమాట అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి పిచ్చివాడికి.

ఆ సంతోషంలో పడి సందు మొదట్లో స్టీరియో కట్టెయ్యడం మరిచిపోయాడు. అద్దాలన్నీ దించి, పెళ్లిపాట హోరెత్తిస్తూ ఇంటిదాకా వెళ్లాడు. సువైలిం అరుగు మీద కూర్చుని ఉన్నాడట. ఖులైఫ్ నాలుక్కరుచుకుని పాట ఆపేసరికే ఆయన లేచి లోపలికి వెళ్లి గేటు వేసుకున్నాడు. పగలు ఆ గేటు మూయడం అదే మొదటిసారని మర్నాడు నా దగ్గర కూర్చుని చెప్పాడు ఖులైఫ్. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెళ్లి సంగతి అతనికప్పుడు పట్టలేదు. అన్న నన్ను వదిలేస్తాడేమో అన్నదొక్కటే గోల.

శుక్రవారం పెద్దలతో నేనూ వెళ్లాను. కాఫీ పోశారు. అడగడానికి వచ్చినవాడు అడిగింది దక్కేదాకా తాగకూడదు కాబట్టి ఖులైఫ్ కప్పు కింద పెట్టాడు. పెద్దాయన దియాబ్ మాట ఎత్తబోయాడు. సువైలిం ఎత్తనివ్వలేదు. తాగండి, పెళ్లి పెళ్లిలాగే జరగాలి, పాటలుండాలి అన్నాడు. అందరూ దీవెనలు పెట్టారు. ఖులైఫ్ లేచి అన్న నుదురు ముద్దుపెట్టుకోబోయాడు. నేను పక్కనే ఉన్నాను గనక ఆయన గొంతు తగ్గించి అన్నది నా చెవిన పడింది.

"ముందు స్పీకర్లనడిగావు. తర్వాత నన్నడిగావు."

"తప్పైపోయిందన్నా. ఇవాళే పీకించేస్తాను. పాట వద్దు, ఏమీ వద్దు."

"పీకించి? చచ్చిన కొడుకును అడ్డం పెట్టి తమ్ముడి ఇంట్లో పెళ్లి చెడగొట్టాడని ఊరు నన్ననాలా? ఊరేగింపులో నీ బండి ముందు సీట్లో నేనే కూర్చుంటా. పోనియ్."

పెళ్లినాడు సువైలిం ఇచ్చిన మాట ప్రకారం వచ్చాడు. తెల్లటి అంగీ, తలకు ఉతికిన ఎర్రగళ్ల గుడ్డ. ఖులైఫ్ ప్రాణం లేచొచ్చింది. అన్న వచ్చాడంటే కోపం పోయినట్టేగా అని నా చెవిలో అన్నాడు. నేను వెనక సీట్లో ఎక్కాను. స్టీరియో మీద చెయ్యి వెయ్యడానికి ఖులైఫ్‌కు ధైర్యం చాల్లేదు. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. సువైలిమే చెయ్యి చాపి పాట పెట్టాడు, చివరిదాకా తిప్పాడు. నా చేతులతో బిగించిన స్పీకర్ ఆయన మోకాలి పక్కనే మోగుతోంది, అంగీ అంచు వణుకుతోంది.

ఘోర్ రోడ్డు చీలే చోటుకు వచ్చాం. సువైలిం ఆ రోడ్డుకేసి చూసి, తమ్ముడివైపు తిరిగి ఏదో అన్నాడు. ఒక్క మాట కాదు, చాలాసేపే మాట్లాడాడు. పెదవులు కదులుతున్నాయి, గొంతు నరాలు ఉబ్బాయి. మాట ఒక్కటి వినపడితే ఒట్టు. ఖులైఫ్ కంగారుగా ఏంటన్నా అంటూ పాట తగ్గించబోయాడు. సువైలిం అతని మణికట్టు పట్టేసుకున్నాడు. చెప్పాల్సిందంతా చెప్పేదాకా వదల్లేదు. తర్వాత చెయ్యి విడిచి రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు.

పెళ్లింటి ముందు దిగాక ఖులైఫ్ పరుగున అటువైపు వచ్చాడు.

"అన్నా, దార్లో ఏదో అన్నావు."

"చెప్పేశాను. నీకు వినపడకపోతే నేనేం చెయ్యను?"

అందరితోపాటు కూర్చుని పెళ్లివిందు మన్సఫ్, ఆ మాంసం అన్నం తిన్నాడు, పెళ్లికొడుకును దీవించాడు, ఇంటికెళ్లాడు. ఆ తర్వాత గొడవేమీ లేదు. మసీదు దగ్గర సలాం చెబుతాడు. పండగకు తమ్ముడు వెళ్తే కాఫీ పోయిస్తాడు, వానల గురించి మాట్లాడతాడు. అంతే. ఆ రోజు ఏమన్నావన్నా అని ఖులైఫ్ అడిగిన ప్రతిసారీ లేచి లోపలికి వెళ్లిపోతాడు.

ఇప్పుడు ఖులైఫ్ పెళ్లిళ్లకు బండి తీయడు. ఊళ్లో ఊరేగింపు వెళ్తుంటే గోడవైపు తిరిగి నిలబడతాడు. పనీపాటా లేనప్పుడు నా కొట్టు ముందు ఆపుతాడు. నువ్వు వెనకే ఉన్నావుగా, స్పీకర్ల పనివాడివి, ఒక్క మాటైనా పట్టుంటావు అంటాడు. నాకేం వినపడలేదురా అని అరుస్తాను. నమ్మడు. నన్ను బతిమాలి వెనక సీట్లో కూర్చోబెట్టి, తను అన్న కూర్చున్న సీట్లోకి మారతాడు.

"క్షమించానన్నట్టుందా, నువ్వు నాకు చచ్చావన్నట్టుందా? రెండూ అని చూపిస్తా, పెదాలు చూసి చెప్పు."

అదే పాట, అంతే గట్టిగా పెడతాడు. నావైపు తిరిగి నోరు కదుపుతాడు, ఆగుతాడు, మళ్లీ కదుపుతాడు. నేను అతని పెదవులకేసి చూస్తూ కూర్చుంటాను. రెంటిలో ఏది అంటున్నాడో నాకు తెలియదు.