ఆరో రేకు

రండి, చెప్పులు బయట విడిచి ఇలా చాప మీదికి రండి. కింద సాంచాల చప్పుడు ఆగదు, మరమగ్గాలను మేము సాంచాలంటాం, కాబట్టి ఇంకాస్త దగ్గరికి జరగండి. గట్టిగా చెప్పే ముచ్చట కాదిది. నా బిడ్డ ముచ్చట. నేను చేసిన తప్పు ముచ్చట కూడా.

సూరత్‌లోని పాండేసర వాడలో మా రూము. మా ఆయన సాంచాల మీద పని చేస్తాడు. నేను ఇంట్లోనే చీరలకు మెరుపు రాళ్ళు అతికిస్తాను. చీరల వ్యాపారి సేఠ్ టెంపోలో మూట పంపుతాడు, చీర మీద గుర్తులు వేసి ఉంటాయి, గమ్ము పెట్టి రాళ్ళు అతికించి తిరిగి పంపాలి. బిడ్డ నా కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ సేఠ్ పనే. నేను పురిట్లో ఉన్నప్పుడు నా వంతు పని వేరేవాళ్ళకు ఇవ్వకుండా నాకోసం ఆపి ఉంచాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయినా బాగుండేది.

బిడ్డ కాలేజీలో బీకాం చివరి ఏడాదికి వచ్చింది. ఒకరోజు సాయంత్రం సంచీ దింపకుండానే చెప్పింది.

"అమ్మా, క్లాసుల మేడం అడిగింది. చదువైనంక నౌకరీ ఎవరు చేస్తరు, సొంత ధంధా ఎవరు పెడ్తరు అని. ఆడపిల్లలల్ల నలుగురమే చెయ్యి లేపినం."

మా ఆయన అన్నం కలుపుతూ ఆగాడు. "నువ్వు లేపినవా?"

"లేపిన బాపూ."

"దించుకోకపోయినవ్. ధంధా జేసుడు మనోళ్ళ పనా బిడ్డా?"

"మన పనే గద. బట్ట నేసేది నువ్వు, రాళ్ళు పెట్టేది అమ్మ. అమ్ముకునేటోళ్ళే వేరే."

ఆయన నవ్వాడు. "నోరైతే సేఠ్‌లకున్నట్టే ఉన్నది" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

కాలేజీలో మేళా పెడతారట. పిల్లలు తాము సొంతంగా తయారుచేసిన కొత్త వస్తువు తేవాలి. ఎవరిది నచ్చితే వాళ్ళకు కాలేజీలోనే ఒక గది ఇచ్చి, ఏడాదిపాటు పని నడుపుకోనిస్తారట. మేడమే వెంట ఉండి వ్యాపారుల దగ్గరికి తీసుకుపోతుందట. ఆ గదిలో మా గల్లీ ఆడవాళ్ళను నలుగురిని కూర్చోబెట్టాలని నా బిడ్డ ఆశ. మొదటి కుర్చీ నాకే అంది.

ఏ డిజైను వేయాలా అని ఆలోచిస్తూ ఒక మధ్యాహ్నం నన్ను అడిగింది. "తంగేడు పువ్వు తంగేడు పువ్వు అంటవ్ గదమ్మా, అది ఎట్లుంటది?" పాపం, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. బతుకమ్మకు మేమిక్కడ బంతిపూలే పేరుస్తాం. నేను కళ్ళు మూసుకుని చెప్పాను. పసుపు ఎంత పసుపో, రేకు అంచు ఎలా ముడతపడి ఉంటుందో, నడుమ కేసరాలు ఎలా వంగి ఉంటాయో. నేను చెబుతుంటే తను గీసింది. గీసినంత సేపూ నాలుక కొరుక్కుంటూనే ఉంది. నేను చూసి, "తంగేడుకు ఐదే రేకులే పిచ్చిదానా, ఆరు గీసినవ్" అన్నాను.

"ఐదు నీయి, ఒకటి నాది" అంది.

ముదురాకుపచ్చ చీర అంచున పసుపు రాళ్ళతో ఇద్దరం కూర్చుని ఆ పువ్వులు అతికించాం. అయిపోయాక కిటికీకి వేలాడదీస్తే, రూమంతా పొద్దు పొడిచినట్టయింది. "మేళా దాకా ఎవ్వరికీ చూపెట్టకు అమ్మా" అంది. సరేనన్నాను.

మా అత్తగారింట్లో ఒక అలవాటు ఉండేది. కొత్త మగ్గం మీద మొదటి బట్ట దిగితే, పని ఇచ్చిన పెద్దమనిషి చేతికి తాకించి గాని అంగట్లోకి పంపేవారు కాదు. నాకు అదే మనసులో తిరిగింది. బిడ్డ మొదటి పని. మాకు పని ఇచ్చిన మనిషి ఒక్కడే. ఎవ్వరికీ చూపెట్టకు అంటే సేఠ్‌కు కూడా అనా? బిడ్డ కాలేజీకి పోగానే చీరను మడిచి, పాత తువాలలో చుట్టి పట్టుకుపోయాను.

సేఠ్ చీరను వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు. "బెహన్, బేటీ తో కమాల్ హై" అన్నాడు, నీ బిడ్డ అద్భుతమని. ఒక్కరోజు ఉంచు, మా ఇంటావిడకు చూపిస్తానన్నాడు. నా ఛాతీ పొంగిపోయింది. మరునాడు చీర మీద పేడా మిఠాయిల డబ్బా పెట్టి మరీ ఇచ్చాడు. ఆ పేడాలు బిడ్డ నోట్లో నేనే పెట్టాను. గుడి ప్రసాదమని చెప్పాను.

మేళాకు నాలుగు రోజులుందనగా టెంపోలో మూట వచ్చింది. బిడ్డ ఇంట్లోనే ఉంది, ముడి విప్పింది. అన్నీ ముదురాకుపచ్చ చీరలు. అంచున పువ్వుల గుర్తులు. తను వంగి ఒక పువ్వు మీద వేలుపెట్టి, ఒక్కో రేకూ తాకుతూ పోయింది. ఆరో రేకు దగ్గర వేలు ఆగింది.

"అమ్మా, ఎవరికన్నా చూపెట్టినవా?"

"సేఠ్‌కు... చేతికి తాకియ్యాలె గద అని..."

"ఎవ్వరికీ చూపెట్టకన్న గదమ్మా."

"ఆయన మనోడే గద బిడ్డా."

"మనోడే. గందుకే మనింటికే పంపిండు."

అంతే అంది. అరిచినా, ఏడ్చినా నాకు బాగుండేది. నేను మూట నెత్తిన పెట్టుకోబోయాను, సేఠ్ గుమ్మంలో విసిరికొడతానని. తను చెయ్యి పట్టి ఆపింది. "వాపస్ చేస్తే రేపటి సంది పని రాదు. గమ్ము డబ్బా ఇటు తే" అంది. కింద కూర్చుని తన పువ్వుకు తనే రాళ్ళు అతికించింది. తల ఎత్తలేదు. నేనూ పక్కన కూర్చున్నాను. ప్రతి పువ్వులో ఐదు రేకులు అయ్యేవి, ఆరోదాని దగ్గర నా చెయ్యి ఆడేది కాదు. తనే చెయ్యి చాచి అది పూర్తిచేసేది.

సేఠ్‌ను అడగకుండా ఉండలేకపోయాను. నవ్వాడు. "డిజైన్ తో హవా హై బెహన్" అన్నాడు. గాలి అట, ఎవరైనా పీల్చుకోవచ్చట.

"కాలేజీకొచ్చి మేడంకు నేను చెప్తా, అది నీదేనని" అన్నాను బిడ్డతో.

"ఏమని చెప్తవ్? మా అమ్మనే ఇచ్చిందనా?" అంది. నా మొహం చూసి వెంటనే లేచి, నాకు మంచినీళ్ళు తెచ్చింది.

అంగట్లోకి పోయే పువ్వు ఇక కొత్తది కాదని, మేళా రోజున చీర లేకుండానే పోయింది. స్నేహితురాలు పెట్టిన ఖాఖ్రాలనే కరకర రొట్టెల బల్ల దగ్గర నిలబడి, దినమంతా ఆ పిల్ల సరుకే అమ్మిపెట్టిందట. ఇంటికొచ్చి ఆ సంగతులు చెప్పి నవ్వింది. నన్ను నవ్వించాలని నవ్విందని నాకు తెలుసు.

ఇప్పుడు పొద్దున్నే బస్సెక్కి సూరత్ పక్కనున్న సచిన్ అనే ఊరికి పోతుంది. అక్కడొక కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ పని. వాళ్ళ బాపు సంతోషంగా ఉన్నాడు. మొన్న ఆదివారం కిటికీ దగ్గర కూర్చుని నోటుబుక్కులో ఏదో గీస్తోంది, నాలుక కొరుక్కుంటూ. నా ప్రాణం లేచొచ్చింది. చాయ్ పట్టుకుని దగ్గరికి పోయాను. నా అడుగు చప్పుడు విని చున్నీ కొంగు మెల్లగా దాని మీదికి లాగింది. "ఏం లేదమ్మా" అంది.

చాయ్ పక్కన పెట్టి వచ్చేశాను.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద కుండ నిండుగా ఉండాలి. మీ ఆడబిడ్డ చేసిన పని మీ ఆడబిడ్డ పేరుతోనే గడప దాటాలి. చేసిన ప్రతిదీ ముందుగా మీకు చూపించాలనే ఆమెకు అనిపించాలి.