గుర్రాన్ని అడిగి కళ్ళెం వేశారా

పొద్దున్నే టీ తాగి, మా ఆయన వెనక వసారాలో పాత చాప పరిచి, తుపాకిని రెండు ముక్కలుగా విప్పి నూనెగుడ్డతో తుడిచేవారు. పక్కన నేను కూర తరిగేదాన్ని. తుడుస్తూ తుడుస్తూ ఆయన రోజుకో మాట పుట్టుక చెప్పేవారు. వింటూ తరిగితే బెండకాయ ముక్క ఒకటి వేలంత, ఒకటి గోరంత వచ్చేది. ఆయన పోయాక తుపాకిని లైసెన్సున్న దుకాణంలో అప్పగించేశాం. ఇప్పుడు కూర ఇట్టే తెగిపోతోంది. ముక్కలన్నీ ఒక్క కొలతలో వస్తున్నాయి. తినబుద్ధి కావడం లేదు.

ఆయన బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా ఉండేవారు. అంతకు ముందు ఒక పండ్లతోటలో కాపలా. అక్కడ పిట్టల్ని కూడా కాల్చలేదు. ఆ సంగతి పిట్టలకి తెలిసిపోయి, ఆయన స్టూలు పక్కనే వాలి పండ్లు తినేవట. బ్యాంకులోనూ తుపాకి ఒక్కసారైనా పేలలేదు. పేలిందల్లా ఆయన నోరే. పెన్షను వరసలో నిలబడే ముసలి మాస్టారొకాయన ఈ మాటల పిచ్చి ఆయనకి అంటించి, తాను చక్కా పోయాడు.

“తుపాకి మన మాట కాదే. టర్కీవాళ్ళది. మొదట్లో ఊదే గొట్టాన్ని అలా అనేవాళ్ళట. తుఫ్‌మని ఊదితే వచ్చే చప్పుడే పేరైందంటారు.”

“అయితే మా అమ్మ పొయ్యి ఊదిన గొట్టం కూడా తుపాకేనా?”

“ఆఁ. లైసెన్సు లేకుండా వాడింది మీ అమ్మ. ఎవరితో అనకు.”

ఇంకోరోజు ఫిరంగి వంతు. సముద్రం దాటి వచ్చిన తెల్లవాళ్ళని ఫిరంగులనేవాళ్ళట. వాళ్ళు పట్టుకొచ్చారు కాబట్టి దానికీ ఆ పేరే పడిందట.

“తెచ్చినవాళ్ళ పేరే పెట్టాలంటే, తగువుకి మీ అన్నయ్య పేరు పెట్టాలి” అన్నాను. నూనె సీసా ఒలికేదాకా నవ్వారు.

మనిషిని అదుపులో పెట్టే మాటల కోసం మాత్రం అంత దూరం వెళ్ళక్కర్లేదనేవారు. అన్నీ పశువుల పాకలోనే ఉన్నాయట. ఎద్దు ముక్కుకి ముకుతాడు, మెడకి పగ్గం, గుర్రం నోటికి కళ్ళెం, ఏనుగు నెత్తికి అంకుశం. “తాడు పట్టుకున్నవాడే పేరూ పెట్టాడే. గుర్రాన్ని అడిగి కళ్ళెం వేశారా?” అని, విప్పిన గొట్టంలోంచి ఒంటికన్నుతో నన్ను చూసేవారు.

బ్యాంకులో ఎవరైనా గొంతు పెంచితే మేనేజరు తుపాకి చూపించమనేవాడు కాదు. “ఒకసారి వెళ్ళి మాట్లాడవయ్యా” అనేవాడు. మా ఆయన వెళ్ళి ఆ మనిషి భుజమ్మీద చెయ్యి వేసి, “ఇప్పుడు మీరు తిట్టిన మాట ఎక్కడ పుట్టిందో తెలుసా బాబూ?” అని మొదలుపెట్టేవారు. ఆ మనిషి సగం తిట్టు మింగేసి తలుపు వైపు చూసేవాడు. మాటల కాపలా అని పేరుపడింది ఆయనకి. ఇంట్లో చెప్పే పని ఆయనది, వినే పని నాది. అలాగే జరిగిపోయింది.

మొన్న బావగారు వచ్చారు. వెంట గోనెసంచులు, తాడు తెచ్చుకున్నారు.

“ఇంటి పగ్గాలు ఇక నేను పట్టుకుంటానమ్మా. ఈ ఇల్లు అద్దెకిచ్చేద్దాం. మా మేడమీద గది ఖాళీయే. నీకూ పొద్దుపోతుంది. మీ అక్క ఒక్కతే చేసుకోలేకపోతోంది, వంటావిడ మానేసింది కూడాను.”

ఇల్లంటే రెండు గదులు, ఒక వసారా. అవి వదిలితే నాదంటూ ఒక పొయ్యి ఉండదు. వెళ్ళనని అనడానికి నోరు రాలేదు. వేరే మాటేదో వచ్చింది.

“పగ్గం ఎద్దుకి కదండీ కట్టేది?”

“అది మాటవరసకమ్మా.”

“మీ తమ్ముడు మాటవరసకి ఏదీ ఉండదనేవారండీ.” ఇక ఆపలేకపోయాను. ముకుతాడు చెప్పాను. కళ్ళెం చెప్పాను. అంకుశం దగ్గరికి వచ్చేసరికి బావగారు చెప్పులకోసం కాళ్ళతో వెతుక్కుంటున్నారు. రెండోసారి టీ పోసి ఫిరంగి మొదలుపెట్టాను.

“ఈ పిచ్చి వాడికే అనుకున్నాను, నీకూ అంటుకుందన్నమాట” అని లేచారు. “రేపు పొద్దున్న లారీ వస్తుంది. సాయంత్రానికి గిన్నెలన్నీ మూటకట్టి ఉంచు.”

సాయంత్రం ఫోను చేశారు.

“సర్దావా అమ్మా?”

“లేదండీ.”

“ఇంకా ఎప్పుడు సర్దుతావు?”

“సర్దనండీ బావగారూ. నేను ఇక్కడే ఉంటాను.”

అటుపక్క మా తోటికోడలు ఏదో అడగడం, ఆయన ఉష్ అనడం వినబడింది.

“మరి లారీవాడికేం చెప్పను?”

“ఖాళీగా వెళ్ళమనండి. డీజిలు కలిసొస్తుంది.”

ఫోను పెట్టేశాక మంచినీళ్ళు తాగాను. గోనెసంచులు వేసినచోటే ఉన్నాయి, తాడు చుట్ట కూడా విప్పలేదు. గిన్నెలు అరల్లో ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిలోంచి ఒకటి తీసి రేపటికి పప్పు నానబోశాను.