ఓబులయ్య అయ్యవారి నీళ్ల అరుగు

మా ఓబులయ్య అయ్యవారు ఇక లేరు. సోమవారం ఉదయం మైదుకూరు బస్సు దిగిన పోస్టుమాను సంచి కింద పెట్టకముందే ఆ దుర్వార్త చెప్పాడు. ముందురోజు సాయంకాలం కర్నూలు పెద్దాసుపత్రిలో గుండె ఆగిపోయిందట. శుక్రవారం ఇదే బస్సెక్కుతూ, "ఎండలో నిలబడొద్దప్పా, ఇంటికి పో" అని నన్ను మందలించిన మనిషి!

మా బడిలో ఆయన చేతిపనుల ఉపాధ్యాయులు. నేను తెలుగు చెబుతాను. ఆయనది భారీ విగ్రహం, అంతకు మించిన నవ్వు. పిల్లలు చేసిన ప్రతి పీట మీదా ముందు తానే కూర్చునేవారు. సగం పీటలు అక్కడికక్కడే విరిగేవి. పిల్లలు గొల్లుమనేవారు. "ఇరిగితే ఈడనే ఇరగనీండి. ఏ ముసలాయప్పో కూర్చున్నాక ఇరిగితే మనకు నగుబాటు" అంటూ దులుపుకొని లేచేవారు. కోపం కూడా తక్కువేమీ కాదు. ఉలిని నేలమీద పారేసిన వాడికి ఆ పూట తిట్లే భోజనం.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక వేసవి సంగతి చెప్పాలి. బడిలో తాగే నీళ్లకు ఒకటే కుండ. ఊరి పిల్లలు ముంచుకొని తాగేవారు. క్రైస్తవుల పాలెం నుంచి వచ్చే పిల్లలు దాన్ని ముట్టగూడదు. ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. ఒక మధ్యాహ్నం పోసేవారు లేక మరియమ్మ అనే చిన్నపిల్ల దాహంతోనే తరగతికొచ్చి, ఓబులయ్యగారి ముందే కళ్లు తిరిగి పడిపోయింది. ఆయన స్వయంగా నీళ్లు తాగించి, ఆ పిల్ల తేరుకున్నాక తరగతివైపు తిరిగారు.

"పీటలు పక్కన పెట్టండి. ఎవురూ పోసే పని లేకుండా అందురూ తాగేట్టు ఏం చేస్తే బాగుంటాది? గీసి సూపించండి."

పలకల నిండా బొమ్మలు పడ్డాయి. ఒకడు గుడి గోపురమంత అరుగు గీశాడు. ఆయన మరియమ్మను వాడి పక్కన నిలబెట్టి, "ఈ పాపకు అందుతాదా? ఎవురికోసం చేస్తాండామో వాళ్లను సూసి గీయల్లప్పా" అన్నారు. చివరికి కడప బండలతో పొట్టి అరుగు, దానిమీద అడుగు దగ్గర పక్కగా రంధ్రమున్న కుండ, రంధ్రానికి చెక్క బిరడా అని తేల్చారు.

కుమ్మరి నాగప్ప తల పట్టుకున్నాడు. "ఏమప్పా అయ్యవారూ, మంచి కుండకు నేనే బొక్క పెట్టాల్నా? ఊర్లో నవ్వరా?"

"నవ్వనీ. నీళ్లు కారకుంటే సాలు."

మొదటిరోజే కారాయి. బిరడా వదులై నీళ్లన్నీ అయ్యవారి పంచెమీదికి చిమ్మాయి. ఆ బురదలోనే కూలబడి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. పిల్లలు బిరడాకు గుడ్డ చుట్టారు, మళ్లీ చెక్కారు. రెండో వారానికి చుక్క కారలేదు. మొదట మరియమ్మే బిరడా తీసి, కడుపునిండా తాగింది.

ఊరి పెద్దాయనకు అది గిట్టలేదు. అందరూ ఒకే బిరడా ముట్టడమేమిటి, పాలెం పిల్లలకు వేరే కుండ పెట్టమన్నాడు. ఓబులయ్యగారు ఒప్పుకోలేదు. మర్నాటినుంచి పెద్దాయన మనవడు బడికి రాలేదు; వాణ్ణి చూసి మరి కొందరూ మానేశారు. ఇక ఈయన ఉద్యోగానికే ముప్పని మేమంతా భయపడ్డాం. ఆయన నన్ను వెంటబెట్టుకొని నేరుగా పెద్దాయన ఇంటికే వెళ్లారు.

"పెద్దాయనా, నీతో కొట్లాడేకి రాల్యా. ఆ అరుగు బండ మోసింది నీ మనవడే. భుజం కొట్టుకపోయినా దించలేదు. వాడు చేసినదాంట్లో వాడే నీళ్లు తాగగూడదంటే ఎట్ల?"

లోపలినుంచి కుర్రవాడు తొంగిచూసి, "నేను పోతా తాతా" అన్నాడు. ముసలాయన, "సరే, పోరా" అన్నాడు, మా ముఖాలు చూడకుండా. మరుసటి వారానికి అందరూ వచ్చారు. పెద్దాయన ఇంటినుంచి తిరిగొస్తూ ఓబులయ్యగారు దారిలో ఒక బండమీద కూలబడి, "ఉద్యోగం పోయిందనే అనుకున్యా" అన్నారు. ఆ ధీరుడు కూడా భయపడ్డాడని, భయపడుతూనే వెళ్లాడని అప్పుడు తెలిసింది.

అంత్యక్రియలు ముగిసిన మర్నాడు ఓబులయ్యగారి తరగతికి హెడ్మాస్టరు నన్ను పంపారు. పిల్లలు ఒక పుస్తకాల బీరువా చుట్టూ చేరి నిలబడి ఉన్నారు. చట్రం పూర్తయింది, తలుపులు లేవు.

"ఆగిపోయినారేం?" అన్నాను.

"అయ్యవారు సెప్పినంతమటుకు చేసినాం సార్. ఆపైన ఎట్లో తెలీదు."

నాకూ తెలియదు. పద్యాలు చెప్పుకొని బతికేవాణ్ణి, చెక్కకు చిత్రిక పట్టడం చేతకానివాణ్ణి. పిల్లల మధ్య ఆ చెక్కపొట్టులో కూర్చుండిపోయాను. ఆ మహనీయునికి ఈ నాలుగు మాటలకు మించిన అంజలి ఘటించే శక్తి నాకు లేదు.