తడి లేని కళ్లు

మా పెద్దమ్మ ముద్ద ముద్దకీ ఒక గుక్క నీళ్లు తాగేది. నోరు ఎండిపోతోందని చెబితే అందరూ అదొక చాదస్తం అనుకున్నారు. లాస్‌పేట ఇంట్లో పెదనాన్న శవం పక్కన కూర్చున్నప్పుడు కూడా ఆమె చేతిలో నీళ్ల చెంబు ఉంది. కంట్లో మాత్రం చుక్క లేదు.

"మొగుడు పోయినా ఏడుపు రాలే. మనిషి కాదు, రాయి," అని ఆమె ఆడబిడ్డ వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

"ఏడుస్తానే ఉండా వదినా. నీళ్లే రాలే," అంది పెద్దమ్మ.

ఆ జవాబు తర్వాత చాలా రోజులు మావాళ్లకు నవ్వులాట అయింది. మా చుట్టాలకు దుఃఖానికి కూడా సాక్ష్యం కావాలి.

కొన్నాళ్లకు ఒక ఉదయం పెద్దమ్మ పక్క మీద నుంచి లేవలేకపోయింది. కాళ్లూ చేతులూ కదల్లేదు. ఆడబిడ్డ గుమ్మంలోనే నిలబడి, "మా తమ్ముడి ఉసురు తగిలింది," అంది.

ఆసుపత్రికి నేను తీసుకెళ్లాను. రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందనీ, అది లేకపోతే కండరాలు పనిచేయవనీ డాక్టరమ్మ చెప్పింది. మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక బయటికి వదిలేస్తున్నాయట. వాటిని పాడుచేసిన జబ్బే ఆమె నోట్లో ఉమ్మినీ, కళ్లలో నీటినీ ఎప్పుడో ఎండగట్టిందట. పొటాషియం ఎక్కించాక కాళ్లూ చేతులూ మళ్లీ కదిలాయి.

ఇంటికొచ్చాక ఇదంతా ఆడబిడ్డకు విడమరిచి చెప్పాను. తలూపుతూ విన్నది. తర్వాత పెద్దమ్మ కళ్లలో డాక్టరమ్మ రాసిచ్చిన చుక్కల మందు వేశాను. అది కళ్లు నిండి చెంపల మీదికి కారింది.

ఆడబిడ్డ పక్కింటామెను పిలిచి చూపించింది. "చూడక్కా, తన కాళ్లు పడిపోయినాకే దీనికి కన్నీళ్లు వచ్చినాయి."