లావణ్య రాసిన లైను

ఆరేళ్లుగా ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. మీకు రాస్తున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

ఏలూరులో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కొల్లేటి పక్క చేపల రైతుల కోసం ఫోన్ యాప్ చేశాం. చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో అది చూపిస్తుంది. తగ్గితే రైతు నీళ్లు చిలికే ఏరేటర్లు వేసుకోవాలి. స్క్రీన్ల పని నాది. గజిబిజిగా చేశాను. తాడేపల్లిగూడెంలో చదివి మా దగ్గర చేరిన లావణ్య, నాకంటే పదేళ్లు చిన్నది, అదంతా విప్పి మళ్లీ కట్టింది. అంకెలన్నీ ఒక్కచోటే ఉంచింది, ప్రతి స్క్రీనూ అక్కడినుంచే తీసుకునేలా. వేరే స్క్రీను చూసి వెనక్కి వస్తే తాజా అంకె కనబడేలా ఒక లైను రాసింది. "ఇలా కదండీ చేయాల్సింది," అన్నాడు ఓనరు, అందరి ముందూ నాతో.

మర్నాడు ఆమె భోజనానికి వెళ్లినప్పుడు, ఆమె సిస్టంలోనే ఆ లైను తీసేశాను. సోమవారం ఓనరుకి చూపించేటప్పుడు ఆమె తల దించుకోవాలి, అంతే అనుకున్నాను. అంతేనా? శనివారమే యాప్ రైతుల ఫోన్లకి వెళుతుందని నాకు తెలియదా? తెలియదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసు. ఆ సంగతి చెప్పిన మెయిల్ చదివాను.

ఆదివారం మబ్బు పట్టింది, ఎండ లేక చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయింది. వెంకట్రాజుగారనే రైతు మేత లెక్కల స్క్రీను చూసి వెనక్కి వచ్చిన ప్రతిసారీ పొద్దుటి అంకే కనబడింది. సోమవారం తెల్లారేసరికి చెరువు నిండా చేపలు చచ్చి తేలాయి. ఆఫీసులో ఓనరు లావణ్యని నిలదీశాడు.

"సార్, ఆ లైను రాశానండి. మీరూ చూశారు కదండీ. ఓనరుగారితో ఒక్కమాట చెప్పండి," అంది లావణ్య.

"నేను చూడలేదమ్మా. తప్పు ఒప్పుకుంటే నీకే మంచిది."

తన సిస్టంలో ఆ ఫైలు మళ్లీ పైనుంచి కిందిదాకా చూసింది. "నిజంగానే మర్చిపోయానేమోనండి," అంది.

క్షమాపణ చెప్పి రమ్మని ఓనరు పంపితే, బండి మీద తీసుకెళ్లింది నేనే. కుళ్లిన చేపల వాసనలో, గట్టు మీద ఆమె చేతులు జోడించింది. పక్కనే నిలబడ్డాను. బాధ లేదు. హాయిగా ఉంది. ఆ వారమే ఆమె ఉద్యోగం పోయింది. లైను మళ్లీ పెట్టి, తప్పు పట్టుకున్నానని మెప్పు పొందాను. కొత్తగా చేరినవాళ్లకి అజాగ్రత్త అంటే ఏమిటో చెప్పడానికి ఇప్పటికీ ఆమె పేరే వాడతాను.

తాడేపల్లిగూడెంలో బట్టల కొట్లో పనిచేస్తోందట. తన పని మీద తనకే నమ్మకం లేదని, మళ్లీ కోడ్ జోలికి వెళ్లలేదట. వెళ్లి క్షమించమని అడగను. అడిగితే క్షమిస్తుంది, ఆ మెతకదనం నాకు తెలుసు.

ఆమె ఏదీ మర్చిపోలేదు. తీసింది నేను. ఈ రెండు మాటలు రాయడం ఇంత తేలికని ఇప్పుడే తెలిసింది.