పాట అయ్యాకే వార్త

ఆ గాయకుడు పోయాడన్న సంగతి కంటే ముందు ఆయన పాటే నా చెవిన పడింది. పొద్దున రాంగోపాల్‌పేట్‌లో మా వీధి మొదట్లో ఉన్న హోటల్‌కు టీ తాగడానికి వెళ్లాను. గల్లాపెట్టె దగ్గర ఫోన్‌లో ఆయన స్కూటర్ పాట మోగుతోంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం సార్, పాట మంచిగ లేదా?" అన్నాడు హోటల్ యజమాని.

"ఏం వార్త అని అడుగుతున్నా."

ఆయన వింతగా చూశాడు. "మీకెట్ల తెల్సు సార్? పొద్దుగాల పోయిండట. టీవీల ఇప్పుడే షురూ అయింది."

మా ఇంట్లో ఆ పాట మోగితే వెనకాల చెడ్డ వార్త ఉన్నట్టే. ముప్పై ఏళ్లుగా అంతే.

ఆయన గొప్ప గాయకుడని నేను అనను. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాతో పాడి, క్యాసెట్ల దాకా వచ్చాడు. గొంతులో కాస్త గరుకు. కానీ మనం ఇళ్లలో మాట్లాడే మాటలు అలాగే పాటల్లో పెట్టి పాడింది మా ఎరుకలో ఆయనే. స్కూటర్ పాటలో కథేమీ లేదు. బండి స్టార్ట్ కాదు, అవతల అమ్మాయి ఎదురుచూస్తుంటుంది. రెండో చరణం మధ్యలో ఆయనకు నిజంగానే నవ్వొస్తుంది. రికార్డింగ్‌లో దాన్ని అలాగే ఉంచేశారు. మా ఆవిడకు పాట కంటే ఆ నవ్వే ఇష్టం. "ఆపుకోలేకపోయిండు చూడుండ్రి" అని ప్రతిసారీ కొత్తగా చెప్పేది.

మా పెళ్లైన రెండో ఏడు, ఆమెకు నాలుగో నెల. చెల్లెల్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి క్యాసెట్ పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమన్నారు డాక్టరమ్మ?"

"ముందు పాట వినుండ్రి."

విన్నాను. కాలితో తాళం కూడా వేశాను. పాట అయ్యాక ఆమె చెప్పింది, కడుపులో బిడ్డ గుండె ఆగిపోయిందని. పాట ఎందుకు పెట్టావని అరిచాను.

"ఇంకో నాలుగు నిమిషాలు మీరు నాన్నగ ఉన్నరు గద" అంది.

తర్వాత మాకు పిల్లలు కలగలేదు. ఆ పద్ధతి మాత్రం మిగిలింది. చెడ్డ వార్త తెచ్చినవాళ్లు ముందు పాట పెట్టాలి, పాట అయ్యాకే చెప్పాలి. నేను పనిచేసే కంపెనీ మూతపడినప్పుడు నేను పెట్టాను. వాళ్లమ్మ పోయినప్పుడు ఆమె పెట్టింది. మంచి వార్తలు తలుపు దగ్గరే చెప్పేసుకునేవాళ్లం. "పాట లేకుంటే కడుపు నిండ తిని పండొచ్చు" అనేది మా ఆవిడ. ఆ మాట మీద మాకు మంచి నిద్రలే పట్టాయి.

రెండేళ్ల కిందట ఆమె కడుపునొప్పికి చేయించిన పరీక్షల రిపోర్టు తేవడానికి నేనొక్కడినే వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తోంది.

"ఏమొచ్చింది?"

"ఏం లేదు. లోపల పుండు. మందులు వాడితే పోతుంది."

ఆమె చేతులు ఆగాయి. నా జేబులోని ఫోన్ వైపు చూసింది. అప్పటికి ఆ పాట క్యాసెట్ నుంచి ఫోన్‌లోకి వచ్చేసింది. కాసేపు చూసింది. నేను కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాను. బాత్రూంలోకి ఆమె మాటలు వినిపించాయి, చెల్లెలితో ఫోన్‌లో. "ఏం లేదంటనే. బావ పాట పెట్టలె గద."

పదకొండు రోజులు సంతోషంగా ఉంది. కిటికీలకు కొత్త పరదాలు కుట్టించింది. అది పుండు కాదు, క్యాన్సరని చెప్పడానికి రోజూ నోరు తెరిచి, రోజూ మూసుకున్నాను. పన్నెండో రోజు ఆసుపత్రి వాళ్లు చికిత్స ఎప్పుడు మొదలుపెడదామని అడగడానికి నేరుగా ఆమెకే ఫోన్ చేశారు. నేను ఇంటికొచ్చేసరికి పాట మోగుతోంది. చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాను.

"చెప్పేదేం లేదు. మీకు తెల్సిందే" అంది. ఆమె గొంతులో కోపం లేదు. కిటికీ పరదా సర్దుతూ అంది, "పాట లేకుంటే మంచిగున్నట్టే అనుకుంటుంటి. ఇప్పుడు పెట్టినా భయమే, పెట్టకున్నా భయమే."

నేను ఆమెకు పదకొండు రోజులు ఇచ్చాననుకున్నాను. ఆ తర్వాతి రోజులన్నీ పాడుచేశాను. డాక్టరు గదిలోంచి నేను బయటికి వచ్చినప్పుడల్లా ఆమె నా ముఖంలో వెతికేది. ఏమీ లేనప్పుడు ఏమీ లేదన్నా నమ్మేది కాదు. "నిజమేనా? ఒట్టు?" అనేది. అంతకుముందు మా మధ్య ఒట్లు లేవు.

ఆమె పోయి ఎనిమిది నెలలైంది.

ఇవాళ మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది. "బావా, టీవీ పెట్టకుండ్రి. అంతట అదే పాట."

"విన్నాను."

"అక్క ఉంటే మస్తు ఏడ్సేది."

"ఆ నవ్వు వచ్చేదాకా ఏడ్చేది."

మరదలు చప్పున నవ్వింది. వెంటనే ఏడ్చింది.

మనిషి పోయినా పాటలుంటాయని టీవీలో అందరూ అంటున్నారు. ఉంటాయి. పక్కన కూర్చుని వినే మనిషి లేనప్పుడు అవి ఉండి ఏం చేస్తాయో నాకు తెలియదు. ఆయనకు మా సంగతి ఎప్పుడూ తెలియదు. పాట ఉన్నంతసేపు మా ఇద్దరినీ ఎన్నోసార్లు కాచాడు. ఆయన చేయగలిగింది అంతే.

చివరిసారి ఆ పాట పెట్టింది ఆసుపత్రిలో. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాల్సింది చెప్పాడు. లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుని ఫోన్ తీశాను. పక్క మంచం వాళ్లకు ఇబ్బంది కలగకుండా తక్కువ సౌండ్‌లో పెట్టాను. ఆమె కళ్లు మూసుకుంది. నవ్వు వచ్చే చోట పెదాలు కదిలాయి. పాట అయిపోయింది.

"చెప్పుండ్రి."

"మందులు ఇక పనిచెయ్యవట."

"ఎన్ని రోజులు?"

"పది, పదిహేను."

"డాక్టరు అన్నడా, మీరంటున్నరా?"

"ఆయన అన్నదే. నేను పెంచలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఈసారి వెతకలేదు. "సరే" అంది. తల వైపు మంచం కొంచెం ఎత్తమంది.

కిటికీ అవతల ఆసుపత్రి వెనక పెరట్లో ఉతికిన దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. మబ్బు పట్టింది. ఇద్దరు ఆడవాళ్లు గబగబా వచ్చి ఒక్కొక్కటే లాగి భుజాల మీద వేసుకుంటున్నారు. వాళ్లు చివరి దుప్పటి తీసేదాకా ఆమె చూసింది. వాళ్లు వెళ్లిపోయాక తాడు ఒక్కటే గాలికి ఊగుతూ ఉంది. వాన పడేదాకా దాన్నీ చూసింది.